నేలలో ఉన్నది, పైరునకు అందునది

విజయనగరము నుండి శ్రీకాకుళము రోడ్డు స్టేషనుకు పోవు రైలుమార్గమున నెల్లిమర్ల దాటిన పిమ్మట గరివిడి, దాని తరువాత చీపురుపల్లి వచ్చును. పట్టాలకు ఇరువైపుల ఎఱ్ఱని మెరక పొలములు, గట్ల మీద తాటిచెట్లు, పల్లమున వరిమళ్లు కానవచ్చును. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడువరకు ఈ ప్రాంతము శ్రీకాకుళము జిల్లాలో ఉండెను. ఇచ్చటి రైతులకు వరి, వేరుసెనగ, చోడి, గంటె, గోగు, నువ్వు మొదలగునవి తరతరములుగా పరిచయమైన పంటలు.

అయితే ఈ ప్రాంతము పేరు శాస్త్రగ్రంథములకు ఎక్కినది పంటల వలన కాదు, ఖనిజము వలన. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో ఈ విజయనగర ప్రాంతముననే ఆరంభమయినది. చీపురుపల్లి దాపునగల కోడూరు గనులలో కానవచ్చిన ఒక వింత శిలకు, భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన ఫెర్మర్ అను శాస్త్రజ్ఞుడు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆ ఊరి పేరిటనే ‘కోడూరైట్’ అని పేరు పెట్టెను. ఆ శిలయందు ముఖ్యముగా మూడు ఖనిజములు కలవు. ఒకటి పొటాషు గల ఫెల్‌స్పారు. రెండవది మాంగనీసు గల గోమేదికజాతి రాయి. మూడవది అపటైటు, ఇది భాస్వరపు ఖనిజము.

ఇందొక చిత్రము కలదు. ఉక్కు పరిశ్రమవారికి మాంగనీసు ఖనిజములో భాస్వరము ఉండుట ఇష్టము కాదు; అది ఉక్కును పెళుసుగా చేయును. ఈ ప్రాంతపు ఖనిజములో భాస్వరము పాలు ఎక్కువ యని వారు తొలినుండియు లోపము ఎంచుచు వచ్చిరి. మొక్కను అడిగినచో సమాధానము వేరుగా ఉండును. పొటాషు, భాస్వరము, మాంగనీసు మూడును మొక్కకు కావలసిన ఆహారములే. అట్టి రాతికి పుట్టినిల్లయిన చోట, రైతు బండ్లకొలది గత్తము తోలి, బస్తాలకొలది ఎరువు కొని పొలమునకు పోయవలసిన అగత్యము ఏమి?

కోడూరైటు అన్ని పొలముల క్రిందను లేదనుట నిజమే. అది గనులున్న కొలది తావులలో మాత్రమే కానవచ్చును. కాని ప్రశ్నకు అసలు సమాధానము అది కాదు. రాతిపైననే విత్తనము చల్లినను మొక్కకు ఆ ఆహారము దొరకదు. మొక్క వేరు రాతిని కొరికి తినజాలదు. నీటిలో కరగియున్న దానిని మాత్రమే అది పీల్చుకొనగలదు. నేలలో ఒక పదార్థము ఉండుట వేరు, అది పైరునకు అందుట వేరు. గాదె నిండ ధాన్యమున్నను తాళము పడియున్న యెడల ఇంటివారు పస్తుండవలసినదే కదా!

ఎఱ్ఱ నేలలలో ఈ తాళము మఱింత గట్టిది. నేలకు ఎఱ్ఱదనమునిచ్చునది ఇనుపతుప్పు. ఈ ఇనుము, దానితో కూడ అల్యూమినియము, కరగి వచ్చిన భాస్వరమును పట్టుకొని తమ పైపొరకు అంటించుకొనును. రైతు సూపరు ఫాస్ఫేటు వేసినను, అందలి భాస్వరములో చాలభాగము మొక్కకు చేరక మునుపే ఈ విధముగా బంధింపబడును. పల్లపు మడిలో నీరు నిలిచినపుడు సంగతి కొంత మారును. గాలి ఆడని బురదలో ఇనుము రూపము మారి కరగును. అది పట్టియుంచిన భాస్వరములో కొంత విడుదల యగును. వరి మడికంటె మెరక పొలములోని వేరుసెనగకు, చోడికి భాస్వరపు కొఱత ఎక్కువగా తగులుటకు ఇదొక కారణము.

నత్రజని కథ ఇంకను విడ్డూరము. గాలిలో ఐదింట నాలుగు పాళ్ల దాపు నత్రజనియే. లెక్క కట్టినచో ఒక ఎకరము నేల మీద నిలిచియున్న గాలిలో ముప్పదివేల టన్నులకు మించి నత్రజని కలదు. దానిక్రింద వరిపైరు నత్రజని చాలక ఆకులు పసుపుబారి నిలుచుండును! ఆ నత్రజనిని నేరుగా వాడుకొను శక్తి పైరునకు లేదు. చిక్కుడు, పెసర, వేరుసెనగ మొదలైన జాతుల వేళ్లపై బుడిపెలలో కాపురముండు సూక్ష్మజీవులకు ఆ శక్తి కలదు. ఈ రహస్యమును 1880 తరువాతి సంవత్సరములలో జర్మనీ దేశమున హెల్రీగెల్, విల్ఫార్తు అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

వేరుసెనగ వేయు రైతునకు మరి నత్రజనికి లోటేమి అని ఎవరైన అడుగవచ్చును. వేరుసెనగ కాయ భూమిలో కాయును. కావున పంట తీయునపుడు మొక్కను వేళ్లతో సహ పెరికివేయుదురు. కాయలు సంతకు, తీగ పశువులకు పోవును. మొక్క గాలి నుండి సంపాదించినదానిలో పెద్దభాగము పొలము దాటిపోవును. ఆ తీగ మేసిన పశువు పేడ తిరిగి ఆ పొలమునకే చేరినపుడు కొంత తీరునుగాని, పేడ పిడకలై పొయ్యిలోనికి పోయినచో అందలి నత్రజని పొగలో కలియును. దీనికి తోడు వాన. ఈ ప్రాంతమున ఏడాదికి సుమారు 1100 మిల్లీమీటర్ల వాన కురియును. అందులో చాలభాగము కొలది నెలలలోనే దిగును. ఇసుకపాలు హెచ్చుగానున్న ఎఱ్ఱ నేల నీటిని త్వరగా క్రిందికి దించివేయును. కరగిన నత్రజని, పొటాషులు ఆ నీటితోపాటు పైరు వేళ్లకు అందనంత లోతునకు దిగిపోవును.

పూర్వపు రైతులు ఈ నష్టమును శాస్త్రపరిభాషలో చెప్పకున్నను దానికి ప్రతిక్రియలు ఎఱుగుదురు. వేసవిలో గొఱ్ఱెల మందను పొలములో పండబెట్టించెడివారు. ఎండిన చెరువులలో పూడిక మట్టిని త్రవ్వి బండ్ల మీద మెరకలకు తోలెడివారు. కొట్టుకొనిపోయిన మెత్తని మన్నే చెరువు అడుగున చేరును గనుక, అది పోయిన సొత్తును తిరిగి తెచ్చుకొనుట వంటిది. కానుగ మండలు నరికి, వరి నాట్లకు ముందు మడిలో వేసి బురదలో త్రొక్కెడివారు. దీనినే పచ్చిరొట్ట ఎరువందురు. జనుము, జీలుగ, పిల్లిపెసర మొక్కలను మడిలోనే పెంచి దున్నివేయుటయు ఈ కోవలోనిదే.

ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఇంటింటి ఎడ్లజతలు తగ్గినవి. ఎడ్లతోపాటు గత్తమును తగ్గినది. ఆ లోటును యూరియా బస్తా తీర్చునని పలువురు తలచిరి. యూరియా ఇచ్చునది నత్రజని యొక్కటియే. అది చెడ్డదని కాదు. నేలలో మాగిన ఆకు, గత్తము తగ్గిపోయిన కొలది, పోసిన యూరియాను పట్టియుంచు శక్తియు నేలకు తగ్గును. మాగిన ఆకుమన్ను నీటిని, పొటాషు, సున్నము వంటి పోషకములను తనయందు నిలుపుకొని మెల్లమెల్లగా విడుచును. ఎఱ్ఱ నేలలోని బంకమన్నుకు ఈ గుణము సహజముగా తక్కువ. చిల్లికుండలో నీరు పోయుచు నీటిని నిందించి ప్రయోజనమేమి?

పొలములో చెట్టునకు పని కలదని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుట ఇచ్చట మొదలగును. పైరును, చెట్టును ఒకే పొలములో కూర్చి పెంచు పద్ధతిని వారు వనవ్యవసాయ మందురు. 1978లో ఈ శాస్త్రము కొరకే ఒక అంతర్జాతీయ సంస్థ వెలసినది. దాని ప్రధానస్థానము ఆఫ్రికాలోని నైరోబి నగరము. 2014లో భారత ప్రభుత్వము జాతీయ వనవ్యవసాయ విధానమును ప్రకటించినది. పేరు క్రొత్తదే గాని, గట్టు మీద తాడిని, కానుగను ఉండనిచ్చి నడుమ చోడి నాటిన రైతు చేసినది ఇదే.

చెట్టు చేయు పనులలో మొదటిది లోతున నున్నదానిని పైకి తెచ్చుట. చోడి వేళ్లు పైమట్టిలోనే తిరుగును. చెట్టు వేరు వాననీటితో దిగిపోయిన నత్రజనిని, పొటాషును లోతున పట్టి ఆకులోనికి ఎక్కించును. ఆకు రాలినపుడు అది పైమట్టికి చేరును. రెండవది, చిక్కుడు జాతి చెట్టయిన యెడల గాలి నత్రజనిని ఆకుగా మార్చుట. సరుగుడు చిక్కుడు జాతి కాకున్నను దాని వేళ్లపైనను బుడిపెలు కలవు. అందు ఫ్రాంకియా అను వేరొక సూక్ష్మజీవి ఈ పనినే చేయును. మూడవది కంటికి కానరాని పని. చెట్టు వేళ్లకు, పైరు వేళ్లకు కూడ కొన్ని సన్నని శిలీంధ్రములు అంటుకొని యుండును. వాటి పోగులు వేరు చొరలేని సందులలోనికి చొచ్చి అచటి భాస్వరమును తెచ్చి వేరునకు ఇచ్చును, ప్రతిఫలముగా చక్కెర పుచ్చుకొనును. ఏడాది పొడవున సజీవమైన వేళ్లు నేలలో ఉన్నచోట ఈ శిలీంధ్రములు బాగుగ నిలుచును. ఆకు మాగునపుడు పుట్టు ఆమ్లములు సయితము ఇనుము పట్టియుంచిన భాస్వరమును కొంత విడిపించును. ముందు చెప్పిన గాదె తాళమునకు ఇవియే తాళపుచెవులు.

ఇంతవరకు విని, ఏ చెట్టయిన నేమి, ఏ ఆకైన నేమి, పొలములో వేసినచో ఎరువే యని తలచినవారు పొరపడుదురు. ఆకును మాగించునవి సూక్ష్మజీవులు. వాటికి కర్బనముతోపాటు నత్రజనియు కావలెను. నత్రజని హెచ్చుగానున్న లేత ఆకు దొరకినపుడు అవి తమకు కావలసినది తిని, మిగిలినది నేలకు విడుచును. ఎండు వరిగడ్డి వంటిది వేసినపుడు అందలి నత్రజని వాటికే చాలదు. అప్పుడవి నేలలోని నత్రజనిని లాగికొనును, పైరు నోటి ముందటి కూడు తీసికొన్నట్లగును. ఎరువు వేసితిమన్న నమ్మకముతో నాటిన నారు కొలదిదినములు పసుపుబారి నిలుచుట రైతునకు వింతగా తోచును. ఎండు బరువులో నూటికి రెండున్నర పాళ్ల నత్రజనియైన గల ఆకు త్వరలో పైరునకు మేలు చేయునని స్థూలముగా చెప్పుదురు. గిరిపుష్పపు ఆకులో అది సుమారు మూడు పాళ్లుండును. వరిగడ్డిలో ఒక పాలు కూడ ఉండదు. మామిడి, జీడిమామిడి, జామాయిలు ఆకులలో నత్రజని తక్కువ. పైగా వాటి వగరు పదార్థములు మాగుటను ఆలస్యపరచును. అట్టి ఆకు పనికిరానిది కాదు. పాదులలో నేలపై పరచినచో ఎండకు, వానకు మట్టిని కాపాడును, కాలక్రమమున ఆకుమన్నగును. నాట్ల ముందు మడిలో త్రొక్కుటకు మాత్రము అది తగదు.

గిరిపుష్పము మధ్య అమెరికా నుండి వచ్చిన చెట్టు. గ్లైరిసిడియా యనియు దానిని పిలుతురు. కొమ్మ విరిచి నాటినను చిగురించును. ఎన్నిమారులు నరికినను తిరిగి మండలు వేయును. దాని వాసన వలన పశువులు పచ్చి ఆకును అంతగా ముట్టవు. పంట కోసిన వెనుక పశువులను పొలముల మీద విడిచిపెట్టు ఊళ్లలో ఈ గుణము చిన్నది కాదు; అవిసె మొక్కను నాటినచో కంచె లేనిదే దక్కదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాటు పరిశోధనా సంస్థవారు దీనిని గట్ల మీద పెంచి లెక్కలు చూచిరి. హెక్టారు పొలమునకు గల 700 మీటర్ల గట్టుపై అరమీటరు ఎడముగా ఈ మొక్కలు నాటినచో, అవి ఎదిగిన పిమ్మట ఏటేట నరికిన ఆకు, రెమ్మల ద్వారా సుమారు 30 కిలోల నత్రజని పొలమునకు చేరును. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 21 కిలోలకు కొంచెము తక్కువ. అనగా ఆ గట్టు ఒకటిన్నర బస్తాల దాపు యూరియాకు సాటియగును. ఆకుమన్ను దీనికి అదనము. సాగుభూమిలో ఒక్క సాలు కూడ తగ్గదు.

నత్రజని లెక్క కుదిరినంతమాత్రమున పని అయినట్లు కాదు. ఆకు మాగు కాలమును, పైరు ఆకలిగొను కాలమును కలియవలెను. లేత ఆకు వేడి, తడి గల నేలలో కొలది వారములలోనే మాగిపోవును. విత్తుటకు చాల ముందుగా దున్నివేసిన యెడల విడుదలైన నత్రజనిని తొలకరి వానలు లోతునకు కొట్టివేయును, పైరు లేచునప్పటికి గాదె ఖాళీ. వరికి నాట్లకు కొంచెము ముందుగాను, మెట్టపైరునకు విత్తిన తరువాత సాళ్ల నడుమను వేయుట అందుకే. పని ఒత్తిడి మిక్కిలి హెచ్చుగానుండు దినములును అవియే కావుట వలన, మండలు నరుకుటకు, మోయుటకు మనుషులు దొరకకపోవుట ఈ పద్ధతికి పెద్ద ఆటంకము. పుస్తకములో ఈ మాట చాలమారు కనుపించదు గాని, పొలములో అదే మొదట కనుపించును.

చెట్టును ఎచ్చట నాటవలెనన్న ప్రశ్నకు ఈ ఇక్రిశాటులోనే ఒక గుణపాఠము దొరకినది. ఆఫ్రికాలోని నైజీరియా దేశమున ఇబాదను పరిశోధనాలయమువారు సుబాబులు చెట్లను వరుసలుగా పెంచి, వరుసల నడుమ పైరు వేసి, నరికిన ఆకును ఆ పైరునకే ఎరువుగా వేసి మంచి ఫలితములు చూపిరి. ఆ పద్ధతిని 1980 తరువాత పటాన్‌చెరువు మెట్ట నేలలో పరీక్షించిరి. పైరు దిగుబడి పెరుగుటకు మారు తగ్గినది. నీడ వలనా, వేళ్ల వలనా యని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు చెట్టు వరుసకును పైరునకును నడుమ నేలలోనికి ప్లాస్టిక్ తెరను నిలువుగా దింపిరి. చెట్టు వేరు అటు రాకుండుటతో పైరు కోలుకొనెను. దోషము నేలపై కాదు, నేలలోపల నీటి కొరకు జరుగు పెనుగులాటలో ఉన్నదని తేలినది. వాన చాలినచోట చెల్లిన పద్ధతి వాన చాలనిచోట చెల్లలేదు. చీపురుపల్లి ప్రాంతమునకు పటాన్‌చెరువు కంటె వాన ఎక్కువే గాని, వానల నడుమ వచ్చు ఎండుదినములలో ఈ పెనుగులాట ఇచ్చటను తప్పదు. కావుననే పొలము నడుమ కాక గట్టు మీద, ఏటేట నరికి పొట్టిగా ఉంచిన చెట్టును పెంచుట క్షేమము. ఆకు నరికినపుడు చెట్టు సన్నవేళ్లును కొంత చచ్చును. ఆ వేళ్లు సయితము మాగి ఎరువగును.

కాగితపు మిల్లుల కొరకు జామాయిలును, సరుగుడును వేయుట కోస్తా జిల్లాలలో విస్తరించినది. ధర బాగున్న ఏట అది రైతును ఆదుకొనును; దానిని ఆక్షేపించువారు ఆ సంగతి మరువరాదు. అయితే ఇది పోషకములను పొలమునకు తెచ్చు చెట్టు కాదు, పొలము నుండి కొనిపోవు పంట. కొమ్మ, ఆకు, బెరడులలో పోషకముల పాలు ఎక్కువ. వాటినైన పొలములోనే విడిచి, ఒలిచిన దుంగను మాత్రము తోలినచో నష్టము చాలవరకు తగ్గును. ఇక గట్టు పొరుగువానిది కూడ కదా! ఒకరి జామాయిలు వేళ్లు రెండవవాని పొలములోనికి పోయినపుడు ఆకు ఇతనికి రాదు, కలప డబ్బు రాదు, నష్టము మాత్రము వచ్చును. ఊరి తగవులలో దీనిది చిన్న పాత్ర కాదు.

పైరుతో పోరాడని పెద్దచెట్లును లేకపోలేదు. రాజస్థానపు ఎడారి అంచులలో గంటె పొలముల నడుమ జమ్మిచెట్లను నరుకక ఉంచుదురు. దసరానాడు తెలుగువారు పూజించు జమ్మి అదియే. దాని వేరు మిక్కిలి లోతునకు పోవుటచే పైమట్టి నీటికై గంటెతో పోటీపడదు. దాని నీడన గంటె చక్కగా పెరుగునని అచటి రైతుల అనుభవము. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణమున ఫైధెర్బియా అను తుమ్మజాతి చెట్టు ఇంకొక వింత. అన్ని చెట్లును వానలకు చిగిర్చుచుండగా అది వానకాలమున ఆకు రాల్చి బోడిగా నిలుచును. పైరు పెరుగు కాలమున దానికి నీడ లేదు, నీటి దాహము తక్కువ. రాలిన ఆకు అప్పుడే ఎరువగును. చెట్టును పైరును వంతులు వేసికొని ఒకే నేలను అనుభవించుచున్నట్లుండును.

ఉత్తరకోస్తాలో చెట్టు నాటు రైతు గాలిని కూడ లెక్కలోనికి తీసికొనవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటి ఈ జిల్లాలలో లెక్కకు మించిన చెట్లను కూల్చినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టము చేసినది. ఏండ్ల తరబడి పెంచిన తోట ఒక్క రాత్రిలో పడిపోయినచో తిరిగి కాపునకు రావలెనన్న మరల అన్ని ఏండ్లు పట్టును. నడుమెత్తున నరుకుచుండు గట్టుచెట్టునకు ఈ భయము తక్కువ.

2016 నుండి రైతు సాధికార సంస్థ వారు రాష్ట్రమున ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నారు. తొలకరికి ముందే పలురకముల విత్తనములను కలిపి చల్లి, నేలపై ఎల్లవేళల ఏదో ఒక పచ్చదనము ఉండునట్లు చూడుడని వారు చెప్పుచున్నారు. ఖాళీ నేలలో శిలీంధ్రములు, సూక్ష్మజీవులు పస్తుండునన్న ముందటి మాటకు ఇది అనుగుణమే.

ఒక్క విషయమున మాత్రము ఏ చెట్టును ఏమియు చేయజాలదు. నత్రజనికి గాలి యను అక్షయమైన నిధి కలదు గాని భాస్వరమునకు అట్టిది లేదు. చెట్టు దానిని లోతు నుండి పైకి, తాళము నుండి వెలుపలికి తేగలదే తప్ప పుట్టింపలేదు. గింజలతోపాటు సంతకు పోయిన భాస్వరము ఎక్కడినుండియో తిరిగి రావలెను. గత్తముగా రావచ్చును, చెరువు మట్టిగా రావచ్చును, కొన్న ఎరువుగా రావచ్చును. కొన్న భాస్వరపు ఎరువును నేరుగా ఎఱ్ఱమట్టిపై చల్లుటకంటె మాగిన గత్తముతో కలిపి వేళ్ల దరిని వేసినచో ఇనుము చేతికి చిక్కునది తక్కువ.

ఇంతయు తెలిసియు గట్టున కొమ్మ నాటనివారు ఊరూర కలరు. వారిలో చాలమంది కౌలుదారులు. గిరిపుష్పము పూర్తిగా అక్కరకు వచ్చుటకు మూడు నాలుగు ఏండ్లు కావలెను. కౌలుమాట ఏడాదికి మాత్రమే. ఈ ఏట తాను నాటిన చెట్టు ఆకును వచ్చునేట ఎవరు త్రొక్కుదురో ఎఱుగనివాడు యూరియా బస్తా వైపే చూచును. ఆ బస్తా వేసిన నెలలోపల పైరు పచ్చబడును. పొలము సొంతదారు పట్టణమున ఉండును. గట్టు ఇరువురిదియు కాక ఖాళీగా ఉండును.